కాయ ఎర్రబారితే పలిసలు వస్తాయి

డిసెంబర్ రెండో ఆదివారం అనంతపురం నుంచి 110 కిలోమీటర్లు బైక్ మీద వెళ్లి, తిమ్మమ్మ మర్రిమాను కింద మూడు గంటలు తలెత్తి నిలబడ్డాం. ఒక్క పలిస పిట్ట కూడా కనబడలేదు. మర్రి విరగకాసింది కానీ అన్నీ పచ్చికాయలే. గేటు దగ్గర బొరుగులు, టెంకాయలు అమ్ముకునే అవ్వ మా బైనాక్యులర్స్ చూసి, "ఏం ఎతుకుతుండారు నాయనా?" అంది. రంగూ రూపూ చెప్పాను.

"అవా! కాయ ఇంగా తిరగలేదు గదప్పా. సంకురాత్రి పోయినాక రాండి, ఎర్రబారింటాది" అంది.

ఆ మాట విన్నాక నా డైరీ తీసి చూసుకున్నాను. నాలుగేళ్ల నుంచి పిట్టలు కనబడిన తేదీలే రాసుకుంటున్నాను. ఏ చెట్టు ఎప్పుడు పండిందో ఒక్క చోటా రాయలేదు. ఆ రోజు నుంచి చెట్లకు వేరే పేజీలు పెట్టాను.

పలిస అనేది పాత తెలుగు పేరు. ఇప్పుడు గులాబీ గోరింక అంటున్నారు. ఒళ్లు గులాబీ, తల, రెక్కలు, తోక నిగనిగలాడే నలుపు, నెత్తిన వెనక్కి వాలిన జుట్టు. మా తాత మాత్రం జొన్నపిట్టలనే అనేవాడు. మాది తాడిపత్రి వైపు నల్లరేగడి. జొన్న పాలకంకి మీద ఉన్నప్పుడు తాత మంచె ఎక్కి ఒడిసెల తిప్పుతుంటే, కింద నుంచి రాళ్లు అందించడం నా పని. ఒక గుంపును తోలితే ఇంకో గుంపు దిగేది. అంత విసిగించినా తాత ఎప్పుడూ గుంపు మధ్యకి గురిపెట్టింది లేదు, గాల్లోకే విసిరేవాడు. ఇప్పుడు ఆ చేలల్లో జొన్న పోయి శనగ వచ్చింది. ఊరి మలుపులో పెద్ద జువ్విచెట్టు ఉండేది. జొన్న మానేశాక కూడా చాలా ఏళ్లు పలిసలు ఆ చెట్టు కోసం వచ్చేవి. రోడ్డు వెడల్పు చేసినప్పుడు దాన్ని కొట్టేశారు. ఆ తర్వాత మా ఊళ్లో నేను పలిసను చూడలేదు. ఇప్పటికీ ఆ మలుపు దగ్గర బండి స్లో చేస్తాను.

ఇవి మన దగ్గర గూడు పెట్టవు. కజకిస్థాన్, ఆ చుట్టుపక్కల గడ్డిమైదానాల్లో, రాళ్ల సందుల్లో వేల జంటలు ఒక్కచోట చేరి గుడ్లు పెడతాయి. పిల్లలకు మేత మిడతలు. మిడత ఎక్కడ ఎక్కువుంటే ఆ ఏడాది కాపురం అక్కడే. చైనాలోని షింజియాంగ్‌లో మిడతల బెడద తగ్గించుకోవడానికి వీటి కోసం రాళ్ల గుట్టలు పేర్చి మరీ పిలుచుకుంటారు. పిల్లలు ఎగరగానే ఇటు బయలుదేరుతాయి. జూలై ఆఖరుకే మన దేశం వాయవ్య మూలకు చేరి, ఏప్రిల్ దాకా పండూ గింజా ఉన్నచోటికల్లా తిరుగుతుంటాయి. కాబట్టి ఒక ఏడాది వేలల్లో వస్తాయి, మరో ఏడాది పదుల్లో.

యూరప్‌లో వాక్స్‌వింగ్ అనే పిట్ట గురించి చదివినప్పుడు నాకు ఇవే గుర్తొచ్చాయి. అది ఉత్తరాది అడవుల్లో ఉండి చలికాలమంతా రోవన్ చెట్టు ఎర్రపళ్ల మీద బతుకుతుంది. అక్కడ కాపు తప్పిందంటే గుంపులు గుంపులుగా బ్రిటన్ మీదికి వస్తాయి. 2023-24 చలికాలంలో అలాగే వచ్చాయి. అక్కడివాళ్లు సూపర్ మార్కెట్ కార్ పార్కుల్లో పళ్లచెట్ల కింద నిలబడి వాటి కోసం చూస్తారట. మన మర్రి, రావి, జువ్వి కింద నిలబడటం కూడా అదే పని.

రిపబ్లిక్ డే సెలవుకు మళ్లీ బయలుదేరాం. తెల్లవారుజామున మూడున్నర. బండి మా బామ్మర్దిది. బత్తలపల్లిలో టీ తాగి, ముదిగుబ్బ దాటేసరికి చలికి వేళ్లు కొంకర్లు పోయాయి. కదిరిలో అప్పుడే పూల అంగళ్లు తెరుస్తున్నారు. ఆరుంపావుకి మాను దగ్గరున్నాం.

ఈ మానును మొదటిసారి చూసేవాళ్లకు ఇది ఒకే చెట్టంటే నమ్మకం కుదరదు. 5 ఎకరాలకు పైగా పరుచుకుంది. వెయ్యికి పైగా ఊడలు దిగి, ఒక్కొక్కటి ఒక మొదలంత అయింది. భర్తతో సహగమనం చేసిన తిమ్మమ్మ చితికి నాటిన గుంజ చిగురించి ఇంతయిందని ఈ ప్రాంతం నమ్మకం. 1989లో గిన్నిస్‌లోకి ఎక్కింది. లోపల అమ్మవారి గుడి. పొద్దు పొడవకముందు ఊడల మధ్య నడుస్తుంటే చలి కూడా తగ్గినట్టుంది.

ముందు చప్పుడు వినబడింది. పిట్టల అరుపు కాదు, కాయలు రాలే చప్పుడు. టపటపమని ఎండుటాకుల మీద. తలెత్తితే తూర్పు వైపు కొమ్మలన్నీ ఎర్రగా ఉన్నాయి, పడమటి పక్క ఇంకా పచ్చివే. ఎరుపు మధ్యలో నల్లని తలలు. "బావా, అక్కడ... అక్కడ కూడా!" అని బామ్మర్ది నా భుజం పట్టి ఊపేశాడు. వెలుగు వచ్చేకొద్దీ చెట్టంతా కదిలింది. కిచకిచ, గరగర, మధ్యలో సన్నని ఈల, అన్నీ ఒక్కసారే. ఒకటి పండు తెంపితే పక్కది లాక్కోవడానికి వస్తుంది, ఆ పెనుగులాటలో పండు కింద పడుతుంది. సగం పొడిచిన పండు వదిలేసి ఇంకోదాని మీదికి. కోకిలలు, పిగిలిపిట్టలు ఉన్నాయి గానీ అంచులకే నెట్టేశాయి వాటిని.

రాలిన పండొకటి చీల్చి చూపించాను వాడికి. లోపల సన్నటి కందిరీగలు. మేడిపండు పొట్ట విప్పితే పురుగులని చిన్నప్పటి నుంచి వింటాం. ఆ పురుగే లేకపోతే మర్రికి విత్తనం లేదు. కందిరీగ కాయ లోపలికి దూరితేనే అందులోని పూలు పండుతాయి, పండితే పిట్ట తింటుంది, పిట్ట రెట్ట వేసిన చోట మర్రి మొలుస్తుంది.

లెక్కపెట్టడానికి నేను పాటించే పద్ధతి: పది పిట్టలు ఎంత చోటు పడతాయో చూసుకుని ఆ చోటుతో గుంపును కొలవడం. రెండుసార్లు కొలిచాను, 1,200 దాకా తేలింది. పెద్ద పిట్టల గులాబీ రంగు ఈ కాలంలో మసకే. మార్చికి ఈకల అంచులు అరిగి అసలు రంగు తేలుతుంది. అప్పటికి పండ్లు అయిపోయి మోదుగ, బూరుగ పూలలో తేనె తాగుతుంటాయి.

ఏడున్నరకు డేగ వచ్చింది. ఒక్క క్షణం నిశ్శబ్దం, మరుక్షణం గుంపంతా లేచి ముద్దగా బిగిసి, సాగి, మళ్లీ బిగిసింది. వాటి రెక్కల గాలి మా ముఖాలకు తగిలిందంటే అతిశయోక్తి కాదు. డేగ ఉత్తకాళ్లతో పోయింది. ఐదు నిమిషాల్లో మళ్లీ పండ్ల మీద.

అవ్వ దగ్గరికి వెళ్లి మీరు చెప్పినట్టే అయింది అన్నాను. ఆమె బొరుగుల పొట్లం చేతిలో పెట్టి డబ్బు తీసుకోలేదు. నా నంబర్ మనవడి ఫోన్‌లో ఎక్కించమంది, పడమటి పక్క తిరిగితే చెప్తానని.

పగలు గుంపులు విడిపోయి పొలాల మీదికి వెళ్లాయి, సాయంత్రం మళ్లీ చేరాయి. ఐదు ముప్పావుకి ఒక్కుమ్మడిగా లేచి దక్షిణంగా పోయాయి. బండి మీద వెంటపడ్డాం. రెండు మలుపుల్లో తప్పిపోయి, గొర్రెలు తోలుకొస్తున్న ఆయన్ని అడిగితే, ఎండిన కుంట వైపు చూపించాడు. కుంట నిండా సర్కారు కంప. ఆ ముళ్లలో దిగుతున్నాయి, ఇంకా దిగుతున్నాయి. చీకటి పడ్డాక కూడా లోపల నుంచి మాటలతో పోట్లాడుకుంటున్నట్టు సందడి. అది తగ్గేదాకా కట్ట మీద కూర్చున్నాం. స్టార్ట్ చేస్తే లేస్తాయేమోనని బండిని కట్ట చివరి దాకా తోసుకుంటూ నడిచాం.