రెండో పేపర్‌లో వస్తు విశ్లేషణ: తెలుగు ఆప్షనల్‌కు నేను చదివిన తీరు

తెలుగు సాహిత్యం ఆప్షనల్‌గా పెట్టుకుని సివిల్స్ మెయిన్స్‌కు చదివేవాళ్లకు ఎక్కువ టెన్షన్ రెండో పేపర్ గురించే. మొదటి పేపర్ భాషా చరిత్ర, సాహిత్య చరిత్ర. నోట్స్ రాసుకుంటూ పోతే ఒక దారి దొరుకుతుంది. రెండో పేపర్ 250 మార్కులూ సిలబస్‌లో ఇచ్చిన కావ్యాలు, కథలు, నాటకం, నవల మీదే. ఒక రచనలో వస్తువు (అంటే చెప్పదలచిన విషయం) ఏమిటి, రచయిత దాన్ని ఎలా పలికించాడు అన్నదే అక్కడ అడుగుతారు. ఆ భాగం ఎలా చదివానో రాస్తున్నాను.

ముందుగా సిలబస్‌లో పుస్తకాల జాబితాకు పైన ఉన్న మాటలు చదవండి. మూలగ్రంథాలను స్వయంగా చదివి ఉండాలనీ, అభ్యర్థి విమర్శనా శక్తిని పరీక్షిస్తామనీ అక్కడే ఉంది. రసం, ధ్వని (నేరుగా చెప్పకుండా సూచించే అర్థం), వక్రోక్తి (మాటను చమత్కారంగా మలిచి చెప్పడం), ఔచిత్యం వంటి అలంకారశాస్త్ర భావనలు ఒకవైపు. సామాజిక, చారిత్రక, మనోవైజ్ఞానిక దృక్పథాలు మరోవైపు. ప్రశ్నలన్నీ వీటిలోంచే పుడతాయి. అందుకే టాపర్ల నోట్స్ ఎంత బాగున్నా, మూలం చదివాకే వాటిని తెరవండి. ముందే తెరిస్తే "ఇందులో వస్తువు సత్య మహిమ" అని ఒక ముక్క మనసులో పడిపోతుంది. ఆ తర్వాత పద్యం చదివినా ఆ ముక్క తప్ప ఇంకేమీ కనబడదు.

నేను ప్రతి రచన దగ్గరా అడిగిన ప్రశ్న ఒకటే: ఈ మాట ఎవరు, ఎవరితో, ఏ స్థితిలో అంటున్నారు? నన్నయ దుష్యంత చరిత్రనే తీసుకోండి. శకుంతల అనగానే మనకు ఉంగరం, దుర్వాసుడి శాపం గుర్తొస్తాయి. అవి కాళిదాసు నాటకంలోవి. భారత కథలో శాపమూ లేదు, ఉంగరమూ లేదు. దుష్యంతుడికి అన్నీ గుర్తున్నాయి. లోకం ఏమనుకుంటుందో అన్న భయంతో, తెలిసి తెలిసీ నిండు సభలో "నువ్వెవరో నాకు తెలియదు" అంటాడు. ఈ ఒక్క తేడాతో కథ మరుపు గురించి కాకుండా మాట తప్పడం గురించి అవుతుంది. అప్పుడు శకుంతల చెప్పే "నుతజలపూరితంబులగు నూతులు" పద్యం చూడండి. నూరు నూతులకంటే ఒక దిగుడుబావి మేలు, నూరు దిగుడుబావులకంటే ఒక యజ్ఞం, నూరు యజ్ఞాలకంటే ఒక కొడుకు, నూరుగురు కొడుకులకంటే ఒక సత్యవాక్యం. ఇది ఊరికే చెప్పిన నీతి కాదు. కొడుకును పక్కన నిలబెట్టుకున్న తల్లి, ఆ కొడుకుకంటే కూడా నిజమే గొప్పదని, అబద్ధమాడుతున్న రాజు ముఖం మీదే అంటోంది. పైగా అతన్ని "సూనృతవ్రత" అని పిలుస్తోంది, సత్యమే వ్రతంగా గలవాడా అని! ఆ సంబోధన పట్టుకుంటే ధ్వని గురించి రాయడానికి కావలసినదంతా దొరికినట్టే. నన్నయ తన గుణంగా చెప్పుకున్న ప్రసన్నకథాకలితార్థయుక్తికి, అంటే తేటగా సాగే కథలోనే అర్థాన్ని ఇమిడ్చే నేర్పుకు, ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

జాషువా గబ్బిలం మొదటి భాగం కూడా ఇలాగే తెరుచుకుంటుంది. "అస్పృశ్యత మీద నిరసన" అని రాస్తే తప్పు కాదు, కానీ అందరూ రాసేదీ అదే. కాళిదాసు మేఘసందేశంలో యక్షుడు విరహంతో మేఘాన్ని భార్య దగ్గరికి పంపుతాడు. ఇక్కడ ఆకలితో ఉన్న అరుంధతీసుతుడు, అంటే అంటరానివాడిగా చూడబడే దళితుడు, గబ్బిలాన్ని శివుడి దగ్గరికి పంపుతాడు. గబ్బిలమే ఎందుకు? గుడిలోకి మనిషిగా తనకు ప్రవేశం లేదు, అశుభమని లోకం చీదరించే ఆ ప్రాణికి ఉంది. అది శివుడి చెవికి దగ్గరగా వేలాడగలదు. పూజారి లేని వేళ చూసి తన గోడు చెప్పమంటాడు. దేవుడికీ భక్తుడికీ నడుమ అడ్డు ఎవరో చెప్పడానికి ఆ "పూజారి లేని వేళ" చాలు. సందేశకావ్యమనే పాత రూపాన్ని తీసుకుని, పంపేవాడినీ మోసుకెళ్లేదాన్నీ మార్చడమే ఇక్కడ కవి చేసిన తిరుగుబాటు. రూపం, వస్తువు రెండూ ఒకే జవాబులో కలవాలంటే ఇలాంటి చోటు వెతుక్కోవాలి.

శ్రీనాథుడి గుణనిధి కథకు రెండు రకాల అన్వయాలు సిద్ధం చేసుకోండి. శివరాత్రి నాడు గుడిలో నైవేద్యం దొంగిలించబోతూ, వెలుతురు కోసం బట్ట చింపి వత్తి వేసి దీపం వెలిగించినవాడికి శివలోకం దక్కింది. ఇది శివభక్తి మహిమ. అదే కథలో కొడుకు తప్పులన్నీ తండ్రికి తెలియకుండా కప్పిపుచ్చే తల్లి, జూదంలో కరిగిపోయే ఇంటి సొత్తు ఉన్నాయి. సామాజిక దృక్పథం అడిగితే రెండోది ముందుకు రావాలి. మహాప్రస్థానం పుస్తకంగా 1950లో వచ్చినా అందులోని గీతాలు చాలావరకు 1930లలో రాసినవి. ఆ దశాబ్దపు ఆకలి తెలియకుండా వాటి మీద రాయకండి. రావిశాస్త్రి నవల అల్పజీవిలో సుబ్బయ్య పిరికితనాన్ని, చైతన్య స్రవంతి (పాత్ర మనసులోని ఆలోచనల ప్రవాహంగా కథ చెప్పడం) అనే శిల్పాన్ని విడివిడిగా చెప్పవద్దు. భయం లోపలే తిరుగుతుంటుంది కాబట్టే కథనం కూడా లోపలే తిరుగుతుంది.

ఆన్సర్ రైటింగ్ విషయానికొస్తే, 10 మార్కుల ప్రశ్నకు 150 మాటలే. కవి జననం, బిరుదులతో మొదలుపెడితే అక్కడే సగం అయిపోతుంది. సందర్భం రెండు వాక్యాల్లో ముగించి నేరుగా పద్యంలోకి వెళ్లండి. పద్యం మొత్తం కంఠతా రాకపోయినా ఫర్వాలేదు, కీలకమైన పాదం మాత్రం తప్పు లేకుండా రావాలి. నేను పద్యాలు పైకి చదివేదాన్ని. ఎక్కడ ఆగాలో, ఏ మాట మీద బరువు పడుతుందో చెవికి తెలిశాక వ్యాఖ్య రాయడం తేలికైంది.

ఇప్పుడే మొదలుపెట్టేవాళ్లు గురజాడ 'దిద్దుబాటు' ముందు తీసుకోండి. 1910 నాటి కథ, కొద్ది పేజీలే. గోపాలరావు అర్ధరాత్రి దాటాక ఇంటికొచ్చి తలుపు తట్టే దగ్గర్నుంచి, భార్య ఉత్తరం, ఆడవాళ్ల చదువు మీద నౌకరు రాముడి మాటలు, మంచం కింద నుంచి వచ్చే నవ్వు దాకా ఆపకుండా చదవండి. తర్వాత పుస్తకం మూసి, ఇందులో దిద్దింది ఎవరు, దేనితో దిద్దింది అన్నదానికి 150 మాటల్లో జవాబు రాసి చూడండి.