వద్దు అనే బటన్ ఎక్కడుంది

ఇవాళ మంగళవారం, మామూలు రోజే, అయినా రాయాలనిపించింది, ఎందుకంటే పొద్దున్నించి రాత్రి దాకా ఒకే మాట కనీసం పాతిక సార్లు అనుంటాను, అదీ మనుషులతో కాదు. వద్దు. వద్దు బాబూ, వద్దు.

మాది ఒడిశాలో, ఆంధ్రా బోర్డర్ పక్కనే ఉన్న పర్లాకిమిడిలో చిన్న డీటీపీ, జెరాక్స్, ఆన్‌లైన్ దరఖాస్తుల షాపు. బోర్డు మీద పైన ఒడియా, కింద తెలుగు. వచ్చేవాళ్ళలో సగం మంది భాయినా అంటారు, సగం మంది అన్నా అంటారు, బోర్డర్ దాటి పాతపట్నం నించి వచ్చే పెద్దవాళ్ళు బాబూ అంటారు, అన్నిటికీ పలుకుతాను. పొద్దున్న షట్టర్ ఎత్తి, సిస్టం ఆన్ చేసి, ఎదురుగా బండి దగ్గర బరా-ఘుగ్ని తిని వచ్చేసరికి పీడీఎఫ్‌లు చూసే సాఫ్ట్‌వేర్ తనంతట తనే కొత్త వెర్షన్ దించేసుకుని కూర్చుంది. షాపులో నెట్ అంటే నా ఫోన్ హాట్‌స్పాటే, రోజుకి 2 జీబీ ప్లాను, బోణీ కూడా అవలేదు సగం డేటా హరీ.

సరే అప్‌డేట్ అయితే అయింది, తెరిచి చూస్తే కుడిపక్క ఒక కొత్త పలక, పైన ఒక రంగుల పట్టీ, నేను మీ ఏఐ సహాయకుణ్ణి, ఈ డాక్యుమెంట్ సారాంశం చెప్పమంటారా అని. రెండు బటన్లు. ఒకటి ఇప్పుడే వాడి చూడండి, రెండోది తర్వాత. మూడోది లేదు. వద్దు అని చెప్పే దారే లేదు, తర్వాత అని నొక్కితే పది నిమిషాలకి మళ్ళీ అదే పట్టీ. అప్పులాడు కూడా తర్వాత అంటే కనీసం ఒకటో తారీఖు దాకా ఆగుతాడు.

పెళ్లిళ్ళ సీజన్ కాబట్టి మొదట వచ్చిన పని శుభలేఖే. పాతపట్నంలో ఎవరో కంపోజ్ చేసిన ఫైలు పెన్‌డ్రైవ్‌లో తెచ్చారు, ఆడపెళ్లివారు తెలుగు, మగపెళ్లివారు ఒడియా, రెండో పేజీలో ఒడియా వేసి రెండొందల కార్డులు తియ్యాలి. ఫైలు తెరిచి పేజీ జరపబోతే మౌస్ సరిగ్గా ఆ పట్టీ మీద పడింది. ఇంకేముంది, గిరగిరా తిరిగింది, తిరిగి తిరిగి ఇంగ్లీషులో తేల్చింది, ఇది ఏదో సాంకేతిక కోడ్ అయి ఉండొచ్చట, లేదా పాడైపోయిన ఫైలట, ముఖ్యమైన అంశాలు అంటూ నాలుగు చుక్కలు పెట్టి మరీ చెప్పింది. పక్కన నిలబడ్డ పెళ్లికూతురి మేనమామకి ఇంగ్లీషు వచ్చు, ఆయన చదివి నా మొహంలోకి చూశాడు. "ఫైలు పాడైపోనాదా బాబూ? నిన్ననే కదేటి డబ్బులిచ్చి చేయించాం" అన్నాడు. ఆయన్ని నమ్మించడానికి పావుగంట పట్టింది.

అసలు సంగతేంటంటే అది "అను" అనే పాత తెలుగు ఫాంట్లలో కంపోజ్ చేసిన ఫైలు. మా లైన్‌లో ఉన్నవాళ్ళకి చెప్పక్కర్లేదు గానీ తెలీనివాళ్ళ కోసం, తెలుగు అక్షరాన్ని కంప్యూటర్ తెలుగుగానే గుర్తుపట్టే యూనికోడ్ పద్ధతి ఇంకా పూర్తిగా పాకని రోజుల్నించీ పత్రికలు, ప్రెస్సులు, డీటీపీ షాపులు అందరూ పేజీలు పేర్చే సాఫ్ట్‌వేర్ అయిన పేజ్‌మేకర్‌లో ఈ పాత ఫాంట్లతోనే లాక్కొచ్చారు, ఇప్పటికీ చాలామంది లాగుతున్నారు. అందులో ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు ఉండే గళ్ళలో తెలుగు బొమ్మలు కూర్చోబెడతారు. మన కంటికి నిండు తెలుగే, శ్రీరస్తు శుభమస్తు అని ముత్యాల్లా కనపడుతుంది, లోపల కంప్యూటర్‌కి మాత్రం డాలర్ గుర్తులూ బ్రాకెట్లూ ఎక్కడో కొమ్ములు మొలిచిన ఇంగ్లీషు అక్షరాలూ. అక్షరం ముక్క రానోడు అర్థం చెప్తానని ముందుకొచ్చినట్టుంది. అదీ ఒక్క నిమిషంలో చదివేసే శుభలేఖకి! దానికి సారాంశం ఏముంటుంది, ఫలానా రోజున పెళ్లి, రండి, తినండి, అంతే కదా.

అన్నట్టు ఆ పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో, కంపెనీవాళ్ళే దాన్ని ఎప్పుడో ఆపేశారు, నా పాత సిస్టంలో ఇంకా బతికే ఉంది. అది నన్ను ఇంతవరకు ఏదీ అడగలేదు. మధ్యమధ్యలో హ్యాంగ్ అవుతుంది, అది వేరే విషయం.

పది పదకొండు మధ్య కరెంటు పోయింది. ఆ గంటా హాయిగా ఉంది.

పదకొండున్నరకి ఫోన్‌లో ఒక మెసేజ్ వచ్చింది. "గౌరవనీయులైన మీకు నమస్కారములు. నేను ఇదివరలో అప్పగించిన ఆహ్వాన పత్రికలు సిద్ధమైనవో లేదో తెలుసుకొనుటకై ఈ సందేశమును పంపుచున్నాను. సాయంత్రము మా బంధువు వచ్చి వాటిని స్వీకరించెదరు." నిజంగా గుండె జారింది, ఎవరో లాయర్‌తో నోటీసు పంపించారేమో అనుకున్నాను. నంబర్ చూస్తే వెనకవీధి అమ్మాయి, చిన్నప్పట్నించీ తెలుసు, జెరాక్స్‌కి చిల్లర లేకపోతే రేపిస్తానన్నా అని పారిపోయే పిల్ల. ఫోన్ చేస్తే పకపకా నవ్వుతోంది. తను టైప్ చేసింది "అన్నా కార్డులైపోయాయా, సాయంత్రం బావొస్తాడు, ఇచ్చీ" అనిట. కీబోర్డ్ పైన ఏదో మెరుపు గుర్తు వెలుగుతుంటే చెయ్యి తగిలిందిట, మొత్తం మారిపోయి వెళ్ళిపోయిందిట.

నవ్వాను గానీ తర్వాత ఎందుకో గిడుగు రామమూర్తి గారు గుర్తొచ్చారు. ఆయన పంతులుగిరీ చేసింది ఈ ఊళ్ళోనే, సవర గిరిజనుల భాష నేర్చుకుని వాళ్ళ కోసం పుస్తకాలు రాసిందీ ఈ ఊళ్ళోనే, జనం మాట్లాడే తెలుగులోనే రాయాలి, చదువు చెప్పాలి అని పండితులందరితో పోట్లాడిందీ ఇక్కడ ఉన్న రోజుల్లోనే. 1936లో ఒడిశా ఏర్పడి పర్లాకిమిడి ఇటు వచ్చేస్తోందని ఆయన ఊరొదిలి రాజమండ్రి వెళ్ళిపోయారు. మేం మాత్రం ఇక్కడే ఉండిపోయాం. ఆయన అంత పోట్లాడి గెలిపించిన "ఇచ్చీ" అన్న మాటని పట్టుకుని ఒక మెరుపు గుర్తు "స్వీకరించెదరు" చేసేసింది, అదీ ఆయన ఊళ్ళో. పైగా దాని పేరు మెరుగుపరచుట!

మధ్యాహ్నం భోజనానికి ఇంటికెళ్తే అమ్మ ఫోన్ పట్టుకుని కూర్చుంది, మొహం చిన్నబోయి ఉంది. సంగతేంటంటే పాలబ్బాయి రేపు రాడని ఎవరో చెప్తే కనుక్కుందామని మెసేజీల యాప్‌లో పైన వెతికే చోట పాలు అని కొట్టింది. వాడి నంబర్ పాలు అనే దాచుకుంది, కూరగాయలు, గ్యాసు, చాకలి, అన్నీ అలాగే ఉంటాయి ఆమె ఫోన్‌లో, మనుషుల పేర్లు తక్కువ. ఇదివరకు అలా కొడితే వాడి నంబర్ వచ్చేది. ఇప్పుడు అక్కడ వెతకడమూ ఏఐని అడగడమూ ఒకే గడిలో కలిపేశారు కదా, ఏది నొక్కిందో ఏమో, పాలలో కాల్షియం ఉంటుంది, ప్రొటీన్ ఉంటుంది, ఎముకలకి మంచిది, పాలు పడనివాళ్ళు డాక్టర్‌ని అడగండి అని చాంతాడంత వచ్చింది. అమ్మ దాన్ని మనిషే అనుకుంది. "అవన్నీ నాకెందుకు బాబూ, రేపొస్తావా రావా" అని వాయిస్ నొక్కి అడిగిందిట కూడా. దానికి అది, నేను రాలేను, నాకు శరీరం లేదు అన్నట్టు ఏదో ఇంగ్లీషులో చెప్పింది.

"ఏట్రా నాన్నా, ఎవుడ్రా ఈడు, నా ఫోన్లోకెలా ఒచ్చాడు" అంది.

తీసేద్దామని సెట్టింగుల్లోకి వెళ్ళాను. ఇరవై నిమిషాలు, అన్నం చల్లారిపోయింది. ఆ చాట్‌ని చెరిపెయ్యొచ్చు, చప్పుడు చెయ్యకుండా చెయ్యొచ్చు, అంతే, తెర మీద ఆ ఏఐ గుండ్రం గుర్తు మాత్రం అలాగే ఉంటుంది. పెళ్లి భోజనాల్లో వడ్డించేవాళ్ళు వద్దన్నా ఇంకో బూరె వేస్తారు, మనకి తెలుసు, అది ఆప్యాయత, కానీ విస్తరి మీద రెండు చేతులూ అడ్డం పెట్టి గట్టిగా వద్దంటే ఎంతటివాడైనా ఆగుతాడు కదా. వీళ్ళు చేతుల మీంచే వడ్డిస్తున్నారు. కొందరైతే వడ్డించాక బూరెకి డబ్బులడుగుతున్నారు.

డబ్బుల మాట ఊరికే అనలేదు. ఆస్ట్రేలియాలో జరిగింది చదివే ఉంటారు, 2025 అక్టోబరులో అక్కడి వినియోగదారుల కమిషన్ మైక్రోసాఫ్ట్ మీద కోర్టుకెళ్ళింది. ఆఫీస్ ప్లాన్లలోకి కోపైలట్ అనే ఏఐని కలిపేసి రేటు పెంచారు, ఒక్కరు వాడుకునే ప్లాన్ ఏడాదికి 109 డాలర్లుండేది 159 అయింది. కట్టండి లేకపోతే మానెయ్యండి అన్నట్టు జనానికి చెప్పారని, ఏఐ లేకుండా పాత రేటుకే ఇచ్చే ప్లాన్ ఇంకోటి ఉన్నా ఆ సంగతి సరిగ్గా చెప్పలేదని కమిషన్ ఆరోపణ, అది కనపడాలంటే క్యాన్సిల్ చేస్తానని నొక్కుకుంటూ లోపలికి పోవాలిట! సుమారు 27 లక్షల మంది కస్టమర్ల వ్యవహారం. తర్వాత కంపెనీ క్షమాపణ చెప్పి, పాత ప్లాన్‌కి మారిన వాళ్ళకి తేడా డబ్బులు వెనక్కిస్తామంది. చదివినప్పుడు నాకు డబ్బు కన్నా ఆ క్యాన్సిల్ గుమ్మం సంగతే ఎక్కువ నచ్చింది. మనం లేచి పోతామంటేనే వద్దు అనే బటన్ బయటికొస్తుందన్న మాట.

అలాగే 2024 మేలో ఆ మైక్రోసాఫ్ట్ వాళ్ళే రీకాల్ అని ఒకటి ప్రకటించారు, స్క్రీన్ మీద మనం ఏం చేస్తున్నామో కొన్ని సెకన్లకోసారి ఫొటో తీసి దాచుకుంటుందిట, తర్వాత వెతుక్కోవచ్చుట. సెక్యూరిటీ తెలిసినవాళ్ళు గగ్గోలు పెడితే వాయిదా వేసి, మీరు ఒప్పుకుంటేనే ఆన్ అవుతుంది అని మార్చారు. మా షాపు సిస్టం అలాంటివి మొయ్యలేదులే గానీ ఊహించుకుంటే ఒళ్ళు జలదరించింది, రోజుకి ఎంతమంది ఆధార్లు, పాస్‌బుక్కులు, కుల ధృవపత్రాలు ఆ తెర మీదికొస్తాయి! అవన్నీ వాళ్ళు నన్ను నమ్మి ఇచ్చినవి.

ఏఐ అంటే నాకు పడదని కాదు. ఒడియాలో వచ్చిన సర్కారు కాగితం పాతపట్నం వాళ్ళకి అర్థమయ్యేలా చెప్పాల్సి వస్తే నేనే దాన్ని అడుగుతాను, తప్పులుంటే దిద్దుకుంటాను, చాలా టైమ్ కలిసొస్తుంది. కానీ అది నేను వెళ్ళి తలుపు కొట్టి అడగడం. అది వచ్చి నా పెరట్లో మంచం వేసుకోవడం వేరు. మా ఒడియా కస్టమర్లు ఒకే ముక్కలో తేల్చేస్తారు, దర్కార్ నాహిఁ. అవసరం లేదు. కోపమూ లేదు, మొహమాటమూ లేదు. ఆ బటన్ ఒక్కటి పెట్టమనండి చాలు.

సాయంత్రం ఆ పిల్ల బావొచ్చి కార్డులు పట్టుకెళ్ళాడు. స్వీకరించెదరా అన్నాను, వాడికి అర్థం కాలేదు.

రాత్రి ఇంటికొచ్చేసరికి అమ్మ తన సమస్య తనే తీర్చుకుంది. పక్కింటావిణ్ణి అడిగి పాలబ్బాయి నంబర్ వంటింటి తలుపు వెనక సుద్దముక్కతో రాసుకుంది, పెద్ద పెద్ద అంకెలు, పక్కన చిన్న చెంబు బొమ్మ. నాలుగో అంకె మాత్రం ఒకటో ఏడో తెలీట్లేదు. పొద్దున్న వాడొస్తే అడగాలి, వస్తే.