తాగుడు మానాలనుకునే మనిషితో, అతని భాషలోనే

అమెరికాలో ఇంట్లో స్పానిష్ మాట్లాడేవారు 4 కోట్లకు పైగా ఉన్నారు. వారిలో ఒకరు తన తాగుడు చేయి దాటిపోయిందని గ్రహించి చికిత్సకు వెళ్లినప్పుడు, ఎదురుగా కూర్చున్న నిపుణుడికి స్పానిష్ రాకపోతే మధ్యలో దుబాసీ కూర్చోవలసి వస్తుంది. తాగిన రాత్రి ఇంట్లో ఏం జరిగిందో కట్టుకున్న భార్య ముందే నోరు విప్పలేని మనిషి, దాన్ని ముక్కూమొహం తెలియని మూడో వ్యక్తి నోట పలికించడానికి ఎంత సిగ్గుపడతాడో ఆలోచించండి.

అందుకే యేల్ విశ్వవిద్యాలయంలో జరిగిన కృషి నన్ను ఆకట్టుకుంది. కేథలీన్ క్యారల్ బృందం అక్కడ కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీని, అంటే ఆలోచనలనూ అలవాట్లనూ మార్చుకోవడం నేర్పే మాటల చికిత్సను, కంప్యూటర్‌లో నేర్పే కార్యక్రమాన్ని రూపొందించింది. దాని తొలి పరీక్ష ఫలితాలు 2008లో వెలువడ్డాయి. ఆ తరువాత మాన్యుయెల్ పారిస్, లూయిస్ అన్యేస్ వంటి పరిశోధకులు అదే విధానాన్ని స్పానిష్ మాట్లాడేవారి కోసం మలిచారు. వారు ఇంగ్లీషు వాక్యాలను స్పానిష్‌లోకి మార్చి ఊరుకోలేదు. లాటిన్ అమెరికా కుటుంబాలకు సుపరిచితమైన టెలినోవెలా, అంటే టీవీ ధారావాహిక పద్ధతిలో, పాఠాలను కథగా నడిపించారు.

ఈ పద్ధతి పనిచేసే తీరు దగ్గరగా చూడదగ్గది. ఒక పాత్ర చిక్కు పరిస్థితిలో పడుతుంది. ఉదాహరణకు పని ముగించుకుని వస్తుంటే స్నేహితులు ఒక్క గ్లాసు పుచ్చుకొమ్మని బలవంతం చేస్తారనుకుందాం. మొదట ఆ పాత్ర కాదనలేక తాగుతుంది. తరువాత అదే సన్నివేశం మళ్లీ వస్తుంది. ఈసారి ఆ మనిషి నేర్చుకున్న మెలకువను వాడి, సాకులు వెతక్కుండా, తగవు పెట్టుకోకుండా, నేరుగా వద్దని చెప్పి బయటపడతాడు. తాగాలన్న కోరిక అలలాగా లేచి, కాసేపటికి దానంతటదే తగ్గుతుందని ఉపన్యాసంలో విన్నవాడికంటే, తనలాంటి మనిషి ఆ కాసేపూ ఓర్చుకోవడం కళ్లారా చూసినవాడికి నమ్మకం ఎక్కువగా కుదురుతుందని నా అభిప్రాయం. పైగా తెర ఎవరినీ చిన్నచూపు చూడదు, అర్థం కాని పాఠాన్ని ఎన్నిసార్లయినా విసుగు లేకుండా చూపుతుంది.

ఈ స్పానిష్ రూపాన్ని కనెటికట్ రాష్ట్రంలో మద్యం, ఇతర మత్తు పదార్థాల సమస్యలున్న 92 మందితో పరీక్షించి, ఫలితాలను 2018లో ప్రచురించారు. కొందరికి మామూలు చికిత్స మాత్రమే ఇచ్చారు. మిగతావారికి దానితో పాటు 8 వారాల పాటు ఈ కార్యక్రమాన్నీ అందించారు. రెండో వర్గంలో వాడకం ఎక్కువగా తగ్గింది, 6 నెలల తరువాత చూసినా ఆ మేలు నిలిచే ఉంది.

కార్యక్రమాన్ని మామూలు చికిత్సకు జోడించారే తప్ప, దాని స్థానంలో పెట్టలేదన్న సంగతిని నేను చాలా ముఖ్యమైనదిగా భావిస్తాను. ఏళ్ల తరబడి విపరీతంగా తాగినవాడు ఉన్నట్టుండి మానేస్తే చేతులు వణకడం, మూర్ఛలు రావడం, మతి చెదరడం జరగవచ్చు. ఒక్కోసారి అది ప్రాణాల మీదికి వస్తుంది. ఆ వణుకును తెర పసిగట్టలేదు. అది కనిపెట్టి సమయానికి మందు ఇవ్వగల వైద్యుడో నర్సో దగ్గర ఉండాలి, ఆ మనిషికి స్పానిష్ కూడా వచ్చి ఉండాలి.