స్టాపు దాకా నడక

విశాఖ మెట్రో వార్త పేపర్లో వచ్చిన ప్రతిసారీ మా అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో చర్చ ఒకే ప్రశ్నతో మొదలవుతుంది: మనకు దగ్గర్లో స్టేషన్ ఎక్కడ పడుతుంది? ఛార్జీ ఎంత, రైలు ఎన్ని నిమిషాలకొకటి అన్నవి ఆ తర్వాతి సంగతులు. మొదటి దశ ప్రతిపాదనలో స్టీల్‌ప్లాంటు నుంచి కొమ్మాదికి ఒకటి, గురుద్వారా నుంచి పాత పోస్టాఫీసుకు ఒకటి, తాటిచెట్లపాలెం నుంచి చినవాల్తేరుకు ఒకటి చొప్పున మూడు కారిడార్లు, మొత్తం 46.23 కిలోమీటర్లు, 42 స్టేషన్లు ఉన్నాయి. అంటే స్టేషన్‌కూ స్టేషన్‌కూ మధ్య సగటున కిలోమీటరు పైచిలుకు దూరం. లైను పక్కనే ఇల్లున్నవారు ఎటు నడిచినా అర కిలోమీటరుకు కాస్త అటూ ఇటూగా ఏదో ఒక స్టేషన్ చేరుకుంటారు. అయితే ఆ లైను ఎక్కువగా సాగే హైవే పక్కనే ఇల్లున్నవారు మనలో ఎందరు? మిగిలినవారందరికీ లోపలి కాలనీ నుంచి హైవే దాకా ఉన్న నడకే అసలు ప్రయాణం.

నగర ప్రణాళికలు వేసేవారు ఈ నడకకు ఒక లెక్క పెట్టుకున్నారు. బస్టాపు కోసమైతే మనిషి 400 మీటర్లు, రైలు స్టేషన్ కోసమైతే 800 మీటర్ల దాకా నడుస్తాడన్నది చాలా దేశాల్లో వాడుకలో ఉన్న స్థూలమైన కొలత. రవాణా మార్గాలను ఆనుకుని నగరాభివృద్ధి జరగాలంటూ కేంద్ర ప్రభుత్వం 2017లో తెచ్చిన జాతీయ విధానం కూడా స్టేషన్ చుట్టూ 500 నుంచి 800 మీటర్ల పరిధిని, అంటే సుమారు పది పన్నెండు నిమిషాల నడకను, లెక్కలోకి తీసుకోమంటుంది. మ్యాపు మీద స్టేషన్ దగ్గర ముల్లు గుచ్చి వలయం గీస్తే, ఆ వలయంలో ఉన్నవారంతా నడిచి వచ్చేవారి కిందే జమ. కాని మన ఊళ్ళో ఆ వలయంలో ఒక కొండో, ఒక గెడ్డో, రైల్వే లైనో, పెద్ద సంస్థ ప్రహరీగోడో తప్పకుండా ఉంటుంది. మ్యాపు మీద 600 మీటర్లున్న చోటికి చుట్టూ తిరిగి వెళ్ళేసరికి కిలోమీటరు దాటిపోతుంది.

పోనీ దారి తిన్నగానే ఉందనుకుందాం, అప్పుడైనా నడుస్తామా? "మనవాళ్ళు నాలుగడుగులు వేయరండీ" అని ఆఫీసులో పెద్దలు తీర్పు చెప్పేస్తూ ఉంటారు. నాకు ఆ తీర్పు నచ్చదు. రైల్వే స్టేషన్లో రైలు దిగినవారిని గమనించండి. ఒకటో నంబరు ప్లాట్‌ఫారం బయట ఆటోవాళ్ళు చుట్టుముట్టి చెప్పే రేటు విని, ఒక చేత్తో సూట్‌కేసు, మరో చేత్తో పిల్లవాణ్ణి పట్టుకుని, స్టేషన్ ఆవరణ దాటి మెయిన్ రోడ్డు దాకా నడిచే కుటుంబాలు ఎన్నో కనిపిస్తాయి. అక్కడ సర్వీసు ఆటో దొరుకుతుందని, మనిషికింత అని ఇస్తే సరిపోతుందని వారికి తెలుసు. ఆ కుటుంబమే మర్నాడు తమ కాలనీలో, అంతకంటే తక్కువ దూరంలో ఉన్న బస్టాపుకు నడవమంటే నడవదు, ఎందుకంటే అక్కడికి వెళ్ళాక బస్సు ఎప్పుడు వస్తుందో, వచ్చినా ఆగుతుందో లేదో, ఆగినా కాలు పెట్టడానికి చోటుంటుందో లేదో ఎవరూ చెప్పలేరు. ప్రయాణికుల ప్రవర్తనను లెక్కగట్టే ఆర్థికవేత్తలు కూడా స్టాపులో నిలబడి గడిపిన నిమిషాన్ని బండిలో కూర్చుని గడిపిన నిమిషానికి సుమారు రెట్టింపు భారంగా పరిగణిస్తారు. కాబట్టి ఒక మనిషి ఎంత దూరం నడుస్తాడన్నది నడక ముగిసిన చోట అతనికి ఏమి దొరుకుతుందన్న దాన్ని బట్టే తేలుతుందని నా అభిప్రాయం.

సర్వీసు ఆటో ఈ లెక్కను మరింత తలకిందులు చేసింది. సందు చివర నిలబడి చెయ్యెత్తితే ఆగుతుంది, "ఎదర మందుల షాపు దగ్గర దింపెయ్ బాబూ" అంటే సరిగ్గా అక్కడే దింపుతుంది. ముగ్గురు పట్టే చోట ఎందరు ఎక్కినా, డ్రైవరు పక్కన సగం సీటు మీద వేలాడవలసి వచ్చినా, ఎదురుచూపు లేదు, నడక లేదు. గాజువాక, ఎన్‌ఏడీ, మద్దిలపాలెం వైపు రోజూ తిరిగేవారికి ఇలా ఎక్కడ పడితే అక్కడ ఎక్కి దిగడం అలవాటైపోయింది. ఆ అలవాటున్నవారికి నిర్ణీత స్థలంలో మాత్రమే ఆగే బస్సు, రేపు రాబోయే మెట్రో, రెండూ దూరంగానే అనిపిస్తాయి. రోడ్డు మధ్యలో ఆగుతున్నాయని ఆటోలను తిట్టుకోవచ్చుగాని, ఆ సదుపాయాన్ని మరిపించే స్థాయిలో బస్సు లేనంతకాలం ఆ తిట్లకు విలువ లేదు.

ఇక నడిచే నేల సంగతి. పాదచారుల సదుపాయాలపై, రోడ్ల ప్రమాణాలు నిర్ణయించే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ సంస్థ ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం ఫుట్‌పాత్ మీద ఏ అడ్డూ లేకుండా కనీసం 1.8 మీటర్ల వెడల్పు ఉండాలి, దాని ఎత్తు రోడ్డు మీద నుంచి 150 మిల్లీమీటర్లు మించకూడదు. ద్వారకానగర్‌లో ఒక సాయంత్రం నడిచి చూడండి. పలకలు పరిచిన ఫుట్‌పాత్ బాగానే మొదలవుతుంది. పది అడుగులు వేయగానే షాపు ముందు బైకులు వరుసగా నిలబడి ఉంటాయి, కిందికి దిగుతాం. మళ్ళీ ఎక్కితే ట్రాన్స్‌ఫార్మర్ కంచె. దాన్ని తప్పుకుంటే నూడుల్స్ బండి, దాని గ్యాస్ సిలిండరు, ప్లేట్లు కడిగిన నీళ్ళు. ఆపైన సెల్లారులోకి కార్లు దిగేందుకు ఒక భవనం వారు పోసుకున్న సిమెంటు వాలు, దాని పక్కనే మోకాలెత్తు మెట్టు. వయసు మీద పడినవారు ఈ ఎక్కడం దిగడం పడలేక మొదటి నుంచీ రోడ్డంచునే నడుస్తారు, వెనక నుంచి వచ్చే ప్రతి హారనుకూ ఉలిక్కిపడుతూ ఉంటారు. ఇలాంటి చోట 300 మీటర్లన్నా కిలోమీటరన్నా ఒకటే. జాతీయ రహదారి దాటవలసి వస్తే మరీ కష్టం: అవతలి వైపున్న స్టాపు కంటికి ఎదురుగానే కనిపిస్తుంది, డివైడరు సందు మాత్రం ఎక్కడో ఉంటుంది.

కొండవాలు కాలనీలలో మరో విచిత్రం ఉంది. కైలాసపురం, మాధవధార వైపు పొద్దున్న పల్లానికి దిగేటప్పుడు అందరూ నడిచే వస్తారు. సాయంత్రం అదే దారిలో సంచులతో మిట్ట ఎక్కవలసినప్పుడు ఆటో కోసం చూస్తారు. ఒకే మనిషికి, ఒకే దారిలో, రోజుకు రెండు దూరాలు. దానికి తోడు మన ఉక్కపోత. ఎండ లెక్కలో విజయవాడ ముందు మనం ఏ మూలకూ రాము గాని, సముద్రపు తేమలో పది నిమిషాలు నడిస్తే ఇస్త్రీ చొక్కా వీపుకు అతుక్కుపోతుంది. మగవాళ్ళు పైకి చెప్పరు గాని, ఆఫీసుకు చెమటతో వెళ్ళడం నామోషీ అన్నది చాలామందికి అసలు కారణం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తీరం దాటినప్పుడు ఈ ఊరు వేలాది చెట్లను పోగొట్టుకుంది. అంతకు ముందు నీడలో సాగిన కొన్ని దారులు ఆ తర్వాత ఏళ్ళ తరబడి ఎండలోనే ఉండిపోయాయి. ఆ దారుల పొడవు పెరగలేదు, నడిచేవారు మాత్రం తగ్గారు.

చీకటి పడ్డాక లెక్క మళ్ళీ మారుతుంది. మా వదిన డ్యూటీ దిగి వచ్చేటప్పుడు ఖాళీ స్థలం పక్కనుంచి పోయే అడ్డదారి వదిలేసి, పాల బూత్, టైలర్ షాపు, టిఫిన్ సెంటర్ ఉన్న చుట్టుదారిలోనే వస్తుంది. "దగ్గరదే గాని బాబూ, లైట్లు లేవు, కుక్కలొకటి. నాలుగడుగులు ఎక్కువైనా ఇటే నయం" అంటుంది. ఆవిడ ఎక్కువ దూరం నడవడానికే సిద్ధపడింది గాని, ఏ ప్రణాళికా పటమూ ఈ చుట్టుదారిని కొలవదు.

నడక గురించి మాట్లాడితే సింహాచలం గిరి ప్రదక్షిణ ప్రస్తావన రాక తప్పదు. ఆషాఢ పౌర్ణమి ముందు రోజు కొండ దిగువన తొలి పావంచా (మొదటి మెట్టు) వద్ద కొబ్బరికాయ కొట్టి, లక్షల మంది సుమారు 32 కిలోమీటర్లు, చాలామంది చెప్పులు కూడా లేకుండా, కొండ చుట్టూ నడుస్తారు. మర్నాటి నుంచి వారే వీధి చివరికి ఆటో ఎక్కుతారని ఎగతాళి చేయడం సులభం. భక్తి సంగతి అలా ఉంచి, ఆ రోజు దారిని గమనించండి: ట్రాఫిక్ మళ్ళిస్తారు, అడుగడుగునా మంచినీళ్ళు, మజ్జిగ, పులిహోర పంచుతారు, రాత్రంతా లైట్లుంటాయి, పక్కన మనుషులుంటారు. అందులో నాలుగో వంతు సదుపాయం మామూలు రోజుల్లో ఉంటే ఎందరు నడుస్తారో అప్పుడు మాట్లాడుకోవచ్చు. (పొద్దున్నే కారులో బీచ్ రోడ్డుకు వచ్చి, బండ్లు రాకుండా ఆపిన ఆ దారిలో చెమట పట్టేదాకా నడిచి, తిరిగి కారులో ఇంటికి వెళ్ళే మిత్రులు నాకూ ఉన్నారు. వారికి కావలసింది కూడా బండ్లు లేని దారే.)

"నడవడానికి ఇష్టపడటం" అన్న మాట వేరే దారి ఉన్నవారికే వర్తిస్తుందని కూడా గుర్తుంచుకోవాలి. 2011 జనగణనలో వ్యవసాయం, కుటుంబ పరిశ్రమలు కాక ఇతర పనులు చేసేవారు పనికి ఎలా వెళ్తారని అడిగితే, దేశం మొత్తం మీద ఐదో వంతుకు పైగా కాలినడకనే అని తేలింది. జాలరిపేటల నుంచి చేపల గంప నెత్తిన పెట్టుకుని వీధులు తిరిగే ఆడవాళ్ళను, ఎంవీపీ కాలనీ ఇళ్ళలో పనికి వచ్చేవారిని, ఎంత దూరం నడుస్తారమ్మా అని సర్వే చేస్తే వచ్చే జవాబు సమ్మతి కాదు.

డబ్బు మిగలడం ఎంత పని చేస్తుందో ఈ మధ్యనే చూశాను. 2025 ఆగస్టు 15న స్త్రీశక్తి పథకం మొదలై సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకు టిక్కెట్టు ఉచితమయ్యాక, మా సందు చివర సర్వీసు ఆటో ఎక్కే కొందరు దాన్ని దాటుకుని హైవే స్టాపు దాకా నడవడం మొదలుపెట్టారు. ఫుట్‌పాత్ మారలేదు, ఎండ మారలేదు. వారిలో ఒకరిద్దరు బస్సు చాలాసేపు రాకపోయేసరికి మళ్ళీ ఆటోకే తిరిగి వచ్చారన్నది కూడా నిజమే.

మెట్రో వస్తుందన్న లెక్కతో ఇప్పుడే హైవేకు "పది నిమిషాల నడకలో" అంటూ ఫ్లాట్లు అమ్ముతున్నారు. మా బంధువుల అబ్బాయి ఒకడు అలాంటి చోట అద్దెకు దిగుతూ ఎలా ఉందని అడిగితే, అడ్వాన్సు ఇచ్చే ముందు మే నెల మధ్యాహ్నం ఒకసారి, వాన కురిసిన రాత్రి ఒకసారి ఆ పది నిమిషాలూ నడిచి చూడమని, వీలైతే వాళ్ళమ్మను కూడా వెంట తీసుకెళ్ళమని చెప్పాను.