కూత ఆగాక

“ఇంకా ఎవరి కోసం రాస్తున్నావు? కంప్యూటర్ కట్టేసి ఇంటికి వెళ్ళు.”

మా లీడ్ ప్రోగ్రామర్ గొంతు పెంచలేదు. అయినా మూడేళ్ళలో ఆయన నాతో అంత కటువుగా మాట్లాడటం అదే మొదటిసారి. మధ్యాహ్నం మూడింటికి మా వీడియో గేమ్‌ను రద్దు చేసినట్టు చెప్పారు. ఆరు దాటినా నేను దాన్ని ఆడుతూ, కనబడిన తప్పులు నమోదు చేస్తూ కూర్చున్నాను. నా ఉద్యోగమే అది. కింద పడిన ఆటగాడు మళ్ళీ లేచేటప్పుడు ఎడమ మోచేయి కవచాన్ని చీల్చుకుని బయటికి వస్తోంది. వారం రోజులుగా ఒకసారి కనబడి నాలుగుసార్లు మాయమవుతున్న ఆ తప్పు ఎప్పుడు వస్తుందో ఆ సాయంత్రమే తేలింది. గోడకు ఆనుకుని పడితేనే వస్తోంది. అది రాయకుండా ఎలా లేస్తాను?

మేముండేది స్కాట్లాండ్‌లోని డండీలో. ‘లెమ్మింగ్స్’, ‘గ్రాండ్ తెఫ్ట్ ఆటో’ అనే వీడియో గేములు పుట్టిన ఊరు. ఇక్కడి అబర్టే విశ్వవిద్యాలయం 1997లోనే వీడియో గేముల డిగ్రీ మొదలుపెట్టింది. మా ఆట ప్లేస్టేషన్, ఎక్స్‌బాక్స్‌ల కోసం చేస్తున్నది. రాబోయే కాలపు క్రూరమైన క్రీడ ఒకటి. ఉక్కు బంతి, ఒంటినిండా కవచాలు, జట్టుకు ఐదుగురు. మా లీడ్‌కు ఇలాంటి ఆటలంటే చిన్ననాటి ప్రేమ. లండన్‌లోని బిట్‌మ్యాప్ బ్రదర్స్ అనే సంస్థ 1990లో తెచ్చిన ‘స్పీడ్‌బాల్ 2’ ఆడుతూ పెరిగాడు. అందులో గోలు వేస్తే పది పాయింట్లు, ఎదుటివాడిని గాయపరిచి బయటికి మోయించినా పదే. అంత హింస మధ్య జనంలోంచి ఎవరో “ఐస్‌క్రీమ్!” అని కేక వేస్తారు. ఆయన నాకది వినిపించినప్పుడు మా ఊరి సినిమా హాల్లో ఇంటర్వెల్ వేళ సోడాలమ్మే కుర్రాడి కేక గుర్తొచ్చింది.

మా ఆటలో మొదట్లో పడినవాడు పడినట్టే, ఇక లేవడు. నాకది వెలితిగా ఉండేది. ఒకరోజు ధైర్యం చేసి కబడ్డీ సంగతి చెప్పాను. కూతకు వెళ్ళినవాడు అవతల ఒకరిని అవుట్ చేసి వస్తే, ఇవతల మనవాడొకడు బతుకుతాడు. “బతుకుతాడా?” అని ఆయన రెండుసార్లు అడిగాడు. రెండు వారాల్లో ఆ నియమం ఆటలోకి వచ్చేసింది. ఆ మోచేయి నాకెందుకంత ముఖ్యమో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది. బయట చెప్పకూడదన్న ఒప్పందం ఉండటంతో నాన్నకు కూడా చెప్పలేదు. చివర్లో పేర్లు పడేటప్పుడు నా పేరు చూపించి, అప్పుడు చెబుదామనుకున్నాను.

ఇక్కడివాళ్ళు రద్దును తీసుకున్న తీరు నాకు ఈనాటికీ మింగుడుపడలేదు. మూడున్నరకు కేకు వచ్చింది. నాలుగింటికి సగం మంది పబ్బుకు వెళ్ళారు. 2023లో సెగా సంస్థ ‘హైనాస్’ అనే ఆటను బయటివాళ్ళ చేత ఆడించి చూశాక కూడా ఆపేసిందని, ఈ రంగంలో ఇది మామూలేనని నన్ను ఓదార్చారు. వాళ్ళది నిర్లక్ష్యమని అనను. కానీ వాళ్ళలో చాలామందికి అమ్మ ఇల్లు టే నది వంతెన దాటితే వస్తుంది. నా వీసా ఈ ఉద్యోగంతో ముడిపడి ఉంది. అది పోతే మరొకటి వెతుక్కోవడానికి మామూలుగా ఇచ్చే గడువు 60 రోజులు.

అయితే ఆ సాయంత్రం నన్ను కుర్చీలో కూర్చోబెట్టింది వీసా భయం కాదు. నాన్న పనిచేసిన స్పిన్నింగ్ మిల్లు మూతపడిన రోజు, ఆయన తన యంత్రం తుడిచి, నూనె పెట్టి మరీ ఇంటికి వచ్చాడు. ఎవరి కోసం అని మా ఇంట్లో ఎవరమూ అడగలేదు. అమ్మ నీళ్ళు తోడి పెట్టింది, అంతే. అందుకే లీడ్ మాట అంతగా గుచ్చుకుంది. ఇన్నేళ్ళు పక్కన కూర్చుని పనిచేసినవాడు ఆ మాట ఎలా అడిగాడా అని రెండు రాత్రులు నిద్రపట్టలేదు.

సోమవారం నా వస్తువులు సర్దుకోవడానికి వెళ్ళి, తప్పుల జాబితా ఒకసారి తెరిచాను. మోచేయి తప్పు ఎదురుగా ‘సరిచేశాం’ అని ఉంది. పక్కన ఆయన పేరు. సమయం ఆ రాత్రే, 11:40.

ఆట తెరిచాను. నా ఆటగాణ్ణి గోడకు ఆనించి పడేశాను. అవతలివాణ్ణి ఒకణ్ణి అవుట్ చేశాను. మావాడు మెల్లగా లేచి నిలబడ్డాడు. మోచేయి కవచంలోనే ఉంది.