అయోవా ఓటరు ఏం చూస్తాడు?
అమెరికా రిపబ్లికన్ సంప్రదాయవాదులను అర్థం చేసుకోవాలంటే అయోవా రాష్ట్రంలో జరిగే కాకస్‌ను, అంటే పార్టీ అధ్యక్ష అభ్యర్థి ఎంపిక కోసం ఓటర్లు జరుపుకునే స్థానిక సభలను చూడాలని నా నమ్మకం. గడ్డకట్టే చలిలో, రాత్రి 7 గంటలకు, బడిలోనో చర్చి హాలులోనో ఇరుగుపొరుగువారు చేరి, ఒక్కో అభ్యర్థి తరఫున చెప్పేది విని, చిన్న కాగితం ముక్క మీద పేరు రాసి ఇస్తారు.

2012లో అభ్యర్థిత్వానికి పోటీపడిన రిక్ శాంటోరమ్ అక్కడి 99 కౌంటీలూ (జిల్లాల వంటివి) తిరిగి, గర్భస్రావ వ్యతిరేకతలో తాను మాట మార్చే మనిషిని కానన్న నమ్మకం కలిగించి, తుది లెక్కలో ప్రత్యర్థి మిట్ రామ్నీ కంటే 34 ఓట్లు ఎక్కువ తెచ్చుకున్నారు. అదే విషయంలో వైఖరి మార్చుకున్న రామ్నీని, మసాచుసెట్స్ గవర్నరుగా ఆయన తెచ్చిన ఆరోగ్య బీమా చట్టాన్ని చాలామంది అనుమానంగానే చూశారు. అయినా చివరికి అభ్యర్థిత్వం ఆయనకే దక్కింది. అప్పటి అధ్యక్షుడు ఒబామాను ఓడించగలవారెవరన్న ప్రశ్న కూడా రిపబ్లికన్ ఓటర్లకు ముఖ్యమే కదా.

2016 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు న్యాయమూర్తి ఆంటొనిన్ స్కాలియా మరణించాక ఆ ఖాళీని ఎవరితో నింపుతారన్నదే పెద్ద ప్రశ్న అయింది. ఆ ఏడాది అధ్యక్ష పదవికి పోటీపడుతున్న, ఒకప్పుడు గర్భస్రావ హక్కును సమర్థించిన డొనాల్డ్ ట్రంప్, ఆ ఖాళీకి తాను పరిశీలించే 11 మంది న్యాయమూర్తుల పేర్లు మే నెలలో ప్రకటించారు. ఆయన వ్యక్తిగత జీవితం కంటే ఆ జాబితాయే ఎందరో సంప్రదాయవాదులకు భరోసా ఇచ్చిందని నేను భావిస్తున్నాను.