కీమ్యాన్ మామయ్య ఊరు

మామయ్య పోయి ఏడాది నిండుతున్నదని, జనవరి మొదటి వారంలో జ్ఞాపకార్థ కూడిక పెట్టుకున్నామని అత్తమ్మ ఫోను చేసినప్పుడు, కారులో రమ్మన్న మా అబ్బాయి మాట కాదని రైలుకే టికెట్టు తీసుకున్నాను. ముప్పయి ఏళ్లకు పైగా పట్టాల వెంట నడిచి బతికిన మనిషి ఊరికి రోడ్డు మీద వెళ్లడానికి నాకు మనసొప్పలేదు. సికింద్రాబాదులో మధ్యాహ్నం గోల్కొండ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే చీకటి పడకముందే డోర్నకల్‌లో దిగవచ్చు.

వరంగల్ దాటాక నెక్కొండ, కేసముద్రం, ఆ తరువాత మానుకోట వచ్చాయి. స్టేషను బోర్డు మీద మహబూబాబాద్ అని ఎంత పెద్ద అక్షరాలతో రాసినా, 2016లో దానిని జిల్లా కేంద్రం చేసినా, పెట్టెలో ఉన్నవాళ్లలో ఒక్కరు కూడా ఆ పేరు పలకలేదు. కిటికీ పక్కన పత్తి చేలు దాదాపు ఖాళీ అయి, మిరప తోటల్లో ఎరుపు అప్పుడప్పుడే తొంగిచూస్తున్నది. గార్ల రాగానే, చిన్నప్పుడు మా అమ్మ చేసినట్టే, నేనూ లేచి సంచులు సర్దుకున్నాను.

కాజీపేట నుంచి విజయవాడ వెళ్లే మార్గంలో డోర్నకల్ ఒక జంక్షను. బొగ్గు గనుల వైపు వెళ్లే లైను ఇక్కడే చీలుతుంది. ఆ లైనులో ఒక స్టేషనుకు భద్రాచలం రోడ్ అని పేరున్నా అది ఉన్నది కొత్తగూడెంలో. రాములవారి దర్శనానికని దిగినవారు అక్కడి నుంచి ఇంకో నలభై కిలోమీటర్లు బస్సులో పోవలసిందే. ఈ సంగతి తెలియక తికమకపడే యాత్రికులకు దారి చెప్పడం మామయ్యకు ఎంతో ఇష్టమైన పని. ఆయన ఉద్యోగం కీమ్యాన్. తెల్లవారుతూనే భుజాన సుత్తి, స్పానరు, ఎర్రజెండా వేసుకుని తన బీటులోని ఐదారు కిలోమీటర్లూ పట్టాలను చూసుకుంటూ నడవాలి. పట్టాను పట్టి ఉంచే ఇనుప కీలు వదులైతే బిగించాలి, బోల్టులు తట్టి చూడాలి, పట్టా విరిగి కనిపిస్తే బండిని ఆపించాలి. ఆయన సరిగ్గా పని చేసిన రోజు ఏమీ జరగదు గనుక, ఆయన చేసిన పని ఎవరికీ కనిపించేది కాదు.

స్టేషను బయట టీ కొట్టులో కూర్చున్న ముసలి సాయిబు నా ముఖం చూసి, "కీమ్యాన్ సారు మేనల్లుడివి కదూ, అదే ముక్కు" అన్నాడు. తన భార్యకు నొప్పులు మొదలైన రాత్రి మామయ్య స్టేషనుకు పరుగెత్తి, ఖమ్మం వెళ్లే బండి వచ్చే వేళ కనుక్కుని, తానూ వెంట వెళ్లి, ఆసుపత్రి వరండాలో తెల్లవార్లూ కూర్చున్న సంగతి చెప్పాడు. అప్పుడు పుట్టిన కొడుకే ఇప్పుడు టీ పోస్తున్నాడట. ఆ అబ్బాయి నా దగ్గర డబ్బులు తీసుకోలేదు.

మరునాటి ఉదయం గుడికి వెళ్లాం. ఊరివాళ్లు దానిని పెద్ద గుడి అంటారు. మొదటిసారి చూసేవాళ్లు అది మసీదో, దేవాలయమో, చర్చో పోల్చుకోలేక కాసేపు ఆగిపోతారు. ఎందుకంటే పైన గుమ్మటాలు, మినార్లు, లోపల దక్షిణాది మండపాన్ని తలపించే రాతి స్తంభాలు, అక్కడక్కడ తామరపూలు, వాటి మధ్య సిలువ. దీని వెనుక ఉన్నవారు బిషప్ అజరయ్య గారు. తిరునెల్వేలి ప్రాంతంలో 1874లో పుట్టిన ఆ తమిళుడు 1909లో ఈ ప్రాంతానికి మిషనరీగా వచ్చి, తెలుగు నేర్చుకుని, 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషేకం పొంది ఇంగ్లండు చర్చి సంప్రదాయపు ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్పు అయ్యారు. గుడి కట్టడానికి ఏళ్లకేళ్లు పట్టి, చివరకు 1939లో ప్రతిష్ఠ జరిగింది. ఆయన 1945 జనవరి 1న డోర్నకల్‌లోనే కన్నుమూశారు. మామయ్య తండ్రి కుర్రతనంలో ఈ గుడికి సున్నం మోసిన కూలీల్లో ఒకడు. అందుకే కాబోలు, మామయ్య ఆరాధనకు వచ్చినప్పుడల్లా కూర్చునే ముందు ఒక స్తంభం మీద చెయ్యి వేసి నిలబడేవాడు. చిన్నప్పుడు నేను దానిని ప్రార్థన అనుకున్నాను; బిగువు సరిచూస్తున్నాడేమో అని ఇప్పుడు అనిపిస్తున్నది.

బాప్తిస్మం పొందిన ప్రతివాడూ తన తల మీద తానే చెయ్యి పెట్టుకుని, సువార్త ప్రకటించకపోతే తనకు శ్రమ, అంటే కీడు, అని పలకాలని అజరయ్య గారు నేర్పారు. మామయ్య ప్రకటించింది నేనెన్నడూ వినలేదు. ఆయనకు ప్రసంగం చేతకాదు, పాట అంతకన్నా చేతకాదు. సంఘ పెద్దగా ఆయనకు చేతనైనవి దరఖాస్తులు రాయడం, రోగులను బండెక్కించడం, శవపేటికకు చెక్క సమకూర్చడం. ఇంటి వెనుక రేకుల షెడ్డులో ఎప్పుడూ ఒక పేటికకు సరిపడా చెక్క ఉండేది. ఏ మతంవారైనా అడిగితే కాదనేవాడు కాదు.

కూడికలో పాదిరిగారు క్లుప్తంగానే మాట్లాడారు. తరువాత దగ్గరి తండా నుంచి వచ్చిన ఒక లంబాడా అవ్వ లేచి, "నా పింఛను కోసం తహసీలు ఆఫీసుకు ఏడుసార్లు వచ్చిండు. ఏడోసారి ఆడి గుమాస్తానే సిగ్గుపడి సంతకం పెట్టించిండు" అంది. జనం నవ్వారు. సమాధుల తోటలో పూలు పెట్టి వచ్చేసరికి ఎండ ముదిరింది.

భోజనాల తరువాత అత్తమ్మ వంటింటి మూలనున్న కుండ చూపించింది. పొయ్యి మీద ఎసరు పెట్టిన ప్రతిపూటా ఒక పిడికెడు బియ్యం అందులో వేసి, ఆదివారం గుడికి కానుకగా ఇవ్వడం ఆ ఇంటి పద్ధతి. "మా పిల్లలకు చాలని రోజు కూడ పిడికెడు తియ్యమనేటోడు అల్లుడా. ఊరందరికీ దేవుడే, నాకు మాత్రం మొండోడు" అంది. ఏడాది దాటినా ఆమె కోపం చల్లారలేదని, దానిని చల్లార్చాలని ఆమెకు లేదని నాకు అర్థమయింది. ఆయన గురించి బయట విన్న మెప్పులన్నిటికన్నా ఆ కోపమే నాకు ఆయనను దగ్గరగా చూపించింది.

సాయంత్రం బావ ఒక పాత రైల్వే డైరీ తెచ్చి నా ముందు పెట్టాడు. మామయ్య ఎవరికి ఎంత ఇచ్చిందీ అందులో రాసుకున్నాడు. తిరిగి వచ్చిన పద్దుల ఎదుట "చెల్లు" అని ఉంది, రానివాటి ఎదుట ఖాళీ. 1991వ సంవత్సరపు పేజీలో మా అమ్మ పేరు కనిపించింది: చెల్లెలికి, పిల్లవాడి పరీక్ష ఫీజు. ఆ పిల్లవాణ్ణి నేనే. చెల్లు అని ఉండవలసిన చోట "కానుక" అని ఉంది.

బావ ఇంటర్ రెండో సంవత్సరం పరీక్ష రాయనిది ఆ ఏడే. ఫీజు గడువు దాటిపోయిందని మా ఇంట్లో చెప్పుకున్నారు తప్ప ఎందుకు దాటిపోయిందో ఎవరూ చెప్పలేదు, నేను అడగనూ లేదు. బావ ఆ తరువాత మళ్లీ పుస్తకం పట్టలేదు. ఇరవై ఏళ్లుగా ఆటో నడుపుతున్నాడు.

మర్నాడు నన్ను స్టేషనుకు దించింది ఆ ఆటోలోనే. చెప్పవలసింది ఏమిటో తోచక జేబులో చెయ్యి పెట్టాను. బావ అద్దంలో చూసి, "నాన్న కానుక అని రాసిండు గద. దాన్ని కొట్టేసి చెల్లు అని రాయమంటవా?" అన్నాడు. అంటూనే నా సంచీ అందుకుని, బండి ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో కనుక్కోవడానికి నాకంటే ముందు లోపలికి నడిచాడు.